పక్కన ఎవర్ని నిలబెట్టినారు?

అధ్యక్షులు శివప్రకాశం గారికి, కాంచనకు, ఈ వీధి అన్నలకు, అక్కలకు, తిరువళ్లూరు కోర్టు నుంచి వచ్చిన మిత్రులకు, కే.జీ.కండిగై నుంచి మధ్యాహ్నం బస్సు పట్టుకుని వచ్చినవాళ్లకు నమస్కారం.

ఇవాళ 1983 ఆగస్టు ఇరవై ఎనిమిది, ఆదివారం. తిరుత్తణిలో ఈ వీధికి ఆదివారమైనా సెలవుండదు. ఇవాళ మాత్రం ఒక్క మగ్గం చప్పుడు కూడా వినబడటం లేదు. మీరంతా పని ఆపి ఈ బడి ఆవరణలోకి వచ్చారు. ఎందుకొచ్చారో అందరికీ తెలుసు. ఈ నెల తొమ్మిదో తారీకు పొద్దున చెంగమ్మ పోయింది. నలభై ఆరేళ్లు. గుండె జబ్బు. ముప్పై ఏళ్లు ఈ వీధిలో నేసిన మనిషి. సొసైటీ మీద హైకోర్టుకు వెళ్లిన మనిషి. కాంచనకు తల్లి.

సంతాప సభలో ఊరట గురించి మాట్లాడటం పద్ధతి కాదు. కానీ నేను పద్దెనిమిదేళ్లుగా తిరువళ్లూరు నుంచి వార్తలు రాస్తున్నవాణ్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఇవాళ నా మనసులో దుఃఖం ఉంది, దానికంటే ఎక్కువగా ఊరట ఉంది. ఆ ఊరట ఎందుకో చెప్పి దిగిపోతాను.

బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం ముందు కేసు సంగతి. చెంగమ్మ భర్త వేలాయుధం ఇక్కడి నేత సొసైటీలో సభ్యుడు. మగ్గం సొసైటీది. నూలు సొసైటీ ఇస్తుంది, నేసిన చీర సొసైటీయే తీసుకుంటుంది. సభ్యత్వం పోతే నూలు ఆగిపోతుంది, మగ్గం వెనక్కి పోతుంది. 1979 ఫిబ్రవరిలో వేలాయుధం చనిపోయాడు. అప్పటి నిబంధన ఏమిటి? సభ్యుడు చనిపోతే సభ్యత్వం ఆ కుటుంబంలో నేత పని చేసే మగవాడికి రావాలి. అలాంటి మగవాడు ఎవరూ లేకపోతేనే భార్యకు. మగవాడు ఉన్నాడు. వేలాయుధం తమ్ముడు పొన్నుస్వామి. సభ్యత్వం ఆయనకు రాశారు. చెంగమ్మ సహకార శాఖ డిప్యూటీ రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టుకుంది.

పొన్నుస్వామి గారు ఇక్కడే రెండో వరుసలో కూర్చున్నారు. ఈ సంగతులు చెప్పవచ్చా అని సభకు ముందే అడిగాను. "చెప్పన్నా, దాంట్లో దాచేదానికి ఏముండాది? నా మోకాళ్ల కథ ఆత్తిపట్టు దాకా పోయినాది" అన్నారు. ఆ మోకాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

అర్జీ మీద విచారణ 1979 జూన్‌లో సొసైటీ ఆఫీసులోనే జరిగింది. నేను వార్త కోసం వెళ్లాను. బల్ల వెనక అధికారి, చుట్టూ సొసైటీ పెద్దలు, గుమ్మంలో చెంగమ్మ. అధికారి ఒకే ప్రశ్న అడిగాడు. మీ ఇంట్లో ఇన్నాళ్లూ మగ్గం మీద కూర్చున్నది ఎవరు?

చెంగమ్మ చెప్పింది: "మా ఇంటాయనే సామీ. నేను నూలు కండెలు చుట్టిస్తా, పడుగుకి గంజి పెడ్తా, అంతే."

అక్కలారా, ఆ మాట నిజమా? కాదని మీ అందరికీ తెలుసు. వేలాయుధానికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. చివరి నాలుగేళ్లు మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగలేకపోయాడు. ఆ నాలుగేళ్లూ నేసింది చెంగమ్మ. అంతకు ముందు కూడా సగం నేసింది ఆమే. మరి ఎందుకలా చెప్పింది? ఈ వీధిలో ఏ ఇల్లాలూ పరాయి మగవాళ్ల ముందు నేనే నేస్తానని చెప్పదు. చెబితే మొగుడు చేతగానివాడని చెప్పినట్టు. బతికున్న మొగుణ్నే అలా అననిది, చచ్చిపోయినవాణ్ని అంటుందా? తన మగ్గం పోతుందని తెలిసీ ఆ మాట చెప్పింది. చెప్పి వేలిముద్ర వేసింది.

నేను ఆ మాట రాసుకున్నాను. మర్నాడు మా పేపర్లో ఎనిమిది వరుసల వార్త వచ్చింది. "తనకు నేత రాదని వితంతువు ఒప్పుకోలు." శీర్షిక కూడా నేనే పెట్టాను. ఆమె చెప్పింది, నేను విన్నాను, రాశాను. రెండు వీధులు నడిచి వాళ్ల ఇంటికి వెళ్లి ఉంటే మగ్గం మీద ఎవరున్నారో కనబడేది. వెళ్లలేదు. బస్సు టైమైందని వెళ్లిపోయాను.

డిప్యూటీ రిజిస్ట్రార్ అర్జీ కొట్టేశాడు. ఆ ఉత్తర్వు మీద చెంగమ్మ తరఫున తిరువళ్లూరు వకీలు దామోదరం 1980 జనవరిలో హైకోర్టులో రిట్ వేయించారు. సొసైటీ సమాధానంతో పాటు జతపరిచిన కాగితాల్లో మూడోది నా వార్త. మిత్రులారా, విలేకరి రాసినది కోర్టుదాకా వెళ్తే గర్వపడాలి. నాకు సిగ్గేసింది.

చెంగమ్మ దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆమె నన్ను పేపరన్నా అని పిలిచేది. "నేను చెప్పింది నువ్వు రాసినావు పేపరన్నా. అబద్ధం నాది, అచ్చు నీది. ఇద్దరం కలిసి మోయాల్సిందే" అంది. తర్వాత, "ఊరికే నిలబడి ఏడ్చకుండా, మదరాసుకి పోతాండావు గదా, మా వకీలయ్య ఏందో పుస్తకాలు కావాలంటాండాడు, తెచ్చిపెట్టు" అంది.

అలా నాకు ఆ పని పడింది. దామోదరానికి కావలసినవి వేరే దేశాల కోర్టుల తీర్పులు. ఆడామగా సమానమని రాజ్యాంగంలో రాసుకున్న దేశాల్లో, ఇలాంటి నిబంధన జడ్జీల ముందుకు వచ్చినప్పుడు ఏం చేశారు? మద్రాసులో లైబ్రరీలు తిరిగి, దొరికినవి చేత్తో రాసుకుని రైల్లో తెచ్చేవాణ్ని. దామోదరం వాటిని తెలుగులో చెప్పేవారు. ఎక్కడ? ఈ వీధిలోనే, పడుగు దగ్గర. శనివారం పొద్దున్నే వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి ఆడవాళ్లు గంజి కుంచెలతో నడుస్తుంటే, ఆయన పక్కన నడుస్తూ చదివేవారు. వాళ్లు ఆగితే గంజి ఆరిపోతుంది. కాబట్టి చదివేవాడే నడవాలి. అమెరికా తీర్పు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేసరికి ఆయన పంచె అంచు గంజితో అట్టకట్టేది.

తీర్పు విన్నాక చెంగమ్మ ఒకటే అడిగేది. "అదంతా సరే వకీలయ్యా. ఆ జడ్జి ఆమె పక్కన ఎవర్ని నిలబెట్టినాడు?"

మొదట దామోదరానికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. చీర బాగుందో లేదో తేల్చాలంటే పక్కన ఇంకో చీర పెట్టి చూస్తారు. పట్టు పక్కన పట్టు పెడతారా, నూలు పెడతారా అన్నదాన్ని బట్టే తేలిపోతుంది. చూసేవాడి కన్ను తర్వాత సంగతి. ఆమె అడిగేది అదే.

అమెరికాలో ఇడాహో అనే రాష్ట్రం ఉంది. ఒక కుర్రవాడు చనిపోయాడు. విడిపోయిన తల్లిదండ్రులు ఇద్దరూ అతని ఆస్తి వ్యవహారం ఎవరికి వారు తమకే అప్పగించమని అడిగారు. ఇద్దరూ సమానంగా ఉంటే మగవాడికే ఇవ్వాలని అక్కడి చట్టం. ఎందుకలా అంటే, ప్రతిసారీ విచారణ పెట్టే శ్రమ తప్పుతుందన్నారు. 1971లో అమెరికా సుప్రీం కోర్టు, శ్రమ తప్పడం కారణం కాదంది. చెంగమ్మ తల ఊపింది. "అమ్మ పక్కన నాయన్ని నిలబెట్టినారు. సరిగ్గా ఉండాది."

పశ్చిమ జర్మనీలో పిల్లల విషయంలో ఆలుమగలకు మాట కుదరకపోతే తండ్రి మాటే చెల్లాలని ఒక చట్టం ఉండేది. 1959లో వాళ్ల రాజ్యాంగ కోర్టు దాన్ని కొట్టేసింది. "అంత దూరంలో గూడా ఇదే రచ్చనా? మన వీధిలోనే అనుకుంటి" అంది చెంగమ్మ.

కెనడాలో పని పోయిన ఒక గర్భిణికి, గర్భిణి అన్న కారణంతోనే నిరుద్యోగ భృతి ఇవ్వలేదు. 1978లో అక్కడి సుప్రీం కోర్టు ఏమంది? ఇది ఆడదని చూపిన తేడా కాదు, గర్భిణి అని చూపిన తేడా, ఆ తేడా ప్రకృతిది, చట్టానిది కాదు అంది. ఆ రోజు పడుగు ఆగిపోయింది. కుంచెలు పట్టుకుని అందరూ నవ్వారు. "కడుపుతో ఉన్నామె పక్కన కడుపు లేనామెను నిలబెట్టినారా? మగోడు యాడ పోయినాడు? ఆ జడ్జీ అయ్యకి ఇంట్లో ఎవురూ చెప్పలేదా, కడుపు మగోళ్లకి రాదని?" అంది చెంగమ్మ.

కాంచన ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసేది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాసింది. దేశం, సంవత్సరం, పక్కన ఎవరు, గెలిచింది ఎవరు. హైకోర్టులో వాదించిన సీనియర్ వకీలు ఆ నోటుబుక్కును చదివించుకుని విన్నారని దామోదరం చెప్పారు.

1981 చివర్లో మన సుప్రీం కోర్టు తీర్పు ఒకటి దామోదరం చేతికొచ్చింది. విమానాల్లో పనిచేసే ఆడవాళ్ల కేసు. మొదటి గర్భంతోనే ఉద్యోగం పోవాలన్న నిబంధనను కోర్టు గట్టిగా తప్పుపట్టి కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందన్న నిబంధనను మాత్రం ఉంచింది. అదే విమానంలో పనిచేసే మగవాళ్లతో పోల్చవచ్చు కదా అంటే, వాళ్లు వేరే తరగతి ఉద్యోగులు, పోల్చడం కుదరదు అంది.

ఆ రోజు చెంగమ్మ పడుగు చివరిదాకా నడిచింది. కుంచె కింద పెట్టింది. తర్వాత అన్న మాట మా ముగ్గురికీ వినబడింది. దామోదరానికి, కాంచనకు, నాకు.

"వకీలయ్యా, నన్నూ వేరే తరగతి అంటారు. నేసేవాడు ఒక తరగతి, కండెలు చుట్టేది ఒక తరగతి. ఆ మాట చెప్పింది సొసైటీ గాదు. నేనే చెప్పినా. నేనే నన్ను ఆయన ఎనకాల నిలబెట్టుకున్నా. ఇంక జడ్జి ఏం చేస్తాడు?"

అన్నలారా, ప్రపంచంలోని పెద్ద పెద్ద కోర్టులు దేని దగ్గర తడబడ్డాయో, దేని దగ్గర నిలదొక్కుకున్నాయో, బడికి వెళ్లని మనిషి గంజి కుంచె పట్టుకుని కనిపెట్టింది. కనిపెట్టి, అది తన మీదికే తిప్పుకుంది. నేను మెచ్చుకోలు మాటలు తక్కువ వాడతాను. అందుకని ఆమె తర్వాత చేసిన పని చెబుతాను.

1982 జనవరిలో చెంగమ్మ ఇంకో ప్రమాణ పత్రం ఇచ్చింది. మూడు వాక్యాలు. విచారణలో నేను చెప్పింది అబద్ధం. నా భర్త చివరి నాలుగేళ్లు నేయలేకపోయాడు. నేసింది నేను. ఆ మూడు వాక్యాలు వీధికి తెలిశాక వేలాయుధం తరఫు బంధువులు ఏడాదిపాటు ఆమె ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. "చచ్చినోణ్ని కోర్టులో నిలబెట్టి చేతగానోడన్నావు గదే" అని నడివీధిలో అడిగినవాళ్లున్నారు. ఆమె రోజూ లాగే గుంతలోకి దిగి నేసింది. కేసు నడిచినంతకాలం మగ్గం కదపవద్దని, నూలు ఆపవద్దని కోర్టు ఆదేశించింది కాబట్టి, నేసే అవకాశమైనా మిగిలింది.

ఇప్పుడు కోర్టు ముందు ఆమెవే రెండు మాటలున్నాయి. ఏది నిజం? రిట్ కేసుల్లో అరుదుగా చేసే పని జడ్జి చేశారు. స్వయంగా చూసి రమ్మని ఒక వకీలును కమిషనర్‌గా పంపారు. 1982 నవంబరులో ఆయన వచ్చిన రోజు నేనూ వచ్చాను. ఈసారి బస్సు టైము చూసుకోలేదు.

పొద్దున పది గంటలు. కోర్టు మనిషి వచ్చాడని వీధిలోకి మగవాళ్లంతా వచ్చేశారు. పద్నాలుగు మంది. లెక్కపెట్టాను. అదే సమయానికి తొమ్మిది ఇళ్లలోంచి మగ్గాలు ఆడుతున్న చప్పుడు వినబడుతోంది. కమిషనర్ కాసేపు వీధి మధ్యలో నిలబడి విన్నాడు. తర్వాత చప్పుడు వస్తున్న మొదటి ఇంట్లోకి వెళ్లాడు. ఆ ఇల్లు రాజామణి అక్కది. అక్క ఇక్కడే ఉంది, నవ్వుతోంది. గుంతలోంచి లేచి కొంగు సర్దుకుంది. ఈ మగ్గం నేసేది ఎవరమ్మా అని ఆయన అడిగాడు. "మా ఇంటాయన సామీ" అంది. మీ ఆయన ఎక్కడున్నాడు అంటే, "అదో, మీ ఎనకాల్నే నిలబడుండాడు" అంది.

తొమ్మిది ఇళ్లలోనూ అదే జవాబు. తొమ్మిది మంది ఇంటాయనలూ వీధిలోనే ఉన్నారు. కమిషనర్ తన నివేదికలో ఒక్క వ్యాఖ్య కూడా చేయలేదు. ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, ఎందరు మగవాళ్లు వీధిలో ఉన్నారు, లోపల ఎవరున్నారు, ఏం చెప్పారు, అంతే రాశాడు. నా పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో అంత మంచి వార్త నేను రాయలేదు.

చివరికి చెంగమ్మ ఇల్లు. అన్నకు జబ్బు చేసినప్పటి నుంచి ఆదివారాలు తానే వచ్చి నేశానని పొన్నుస్వామి గారు అంతకు ముందు రాసిచ్చి ఉన్నారు. అప్పుడాయన ఆత్తిపట్టు పక్కన కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తున్నారు. కూర్చుని చూపించమన్నాడు కమిషనర్. పొన్నుస్వామి గారు ఎంత పొడుగో మీకు కనబడుతూనే ఉంది. గుంతలోకి కాళ్లు దించారు. మోకాళ్లు రెండూ మగ్గం కొయ్యకు తగులుకున్నాయి. కాళ్లతో తొక్కే పలకల తాళ్లు చెంగమ్మ కాలికి సరిపడేలా కట్టి ఉన్నాయి, ఆ తాళ్లు కొయ్యమీద ఒరుసుకుని పడిన గాడి పాతది.

ఆయన లేచి ఏమన్నారో నేను రాసుకున్నాను. "ఇది నా కాలికి కట్టింది గాదయ్యా. మా వదినెకి కట్టింది. సొసైటీవాళ్లు సంతకం పెట్టమన్నారు, పెట్టినా. ఇప్పుడు ఇది రాసుకోండి." ఒకసారి సంతకం చేసిన మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఈ సభలో ఇద్దరు ముగ్గురికి బాగా తెలుసు. అందులో నేనొకణ్ని.

ఈ ఏడాది జూన్ ఇరవై నాలుగున వాదనలు ముగిశాయి. తీర్పు తర్వాత చెబుతామన్నారు. అప్పటికే చెంగమ్మకు కాళ్లు వాచాయి, నాలుగడుగులకు ఆయాసం. డాక్టరు దాచలేదు. జూలైలో నేను చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమె తన ప్రాణం గురించి అడగలేదు. "నేను పోతే కేసు పోతాదా పేపరన్నా? పోతే మగ్గం ఎత్తుకుపోతారు. కాంచన యాడికి పోతాది?" అని అడిగింది.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. సాయంత్రం దామోదరాన్ని తీసుకుని మళ్లీ వెళ్లాను. ఆయన చెప్పారు: వాదనలు నడుస్తుండగా పోతే చిక్కే. వాదనలు ముగిశాక, తీర్పుకు ముందు మనిషి పోతే కేసు పోదు. తీర్పు చదవవచ్చు. ఆ మనిషి బతికుండగా చదివినట్టే అది చెల్లుతుంది. సివిల్ చట్టంలో అలా రాసి ఉంది. రిట్‌కు అది నేరుగా వర్తించకపోయినా కోర్టులు ఆ సూత్రాన్నే పాటిస్తాయి.

చెంగమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "అయితే నా పని అయిపోయినాది. ఇంక జడ్జీ అయ్య నిదానంగానే రాసుకోనీ" అంది. కాంచనను పిలిచి కాఫీ పెట్టమంది.

ఆగస్టు తొమ్మిదిన ఆమె పోయింది. పదిహేడున, బుధవారం, తీర్పు చదివారు. ఆ ఎనిమిది రోజులు నేను సరిగా నిద్రపోలేదని ఒప్పుకుంటాను. దామోదరం నిద్రపోయారో లేదో ఆయనే చెప్పాలి.

తీర్పులో ఉన్నది ఇది. అర్జీదారు మరణించినా తీర్పు చెల్లుతుంది. నిబంధనలో మగవాడికే అన్న మాట రాజ్యాంగానికి విరుద్ధం. నేసే మనిషిని నేసే మనిషితోనే పోల్చాలి, సహాయకులన్న పేరు పెట్టి వేరే వరుసలో నిలబెట్టకూడదు. వేలాయుధం పోయిన రోజు నుంచి చెంగమ్మ సభ్యురాలే. కాబట్టి ఆమె తర్వాత ఆమె వారసురాలికి సభ్యత్వం అడిగే హక్కుంది. వేరే దేశాల తీర్పుల్లో ఇడాహో ఒక్కటే అందులో కనిపిస్తుంది, అదీ ఒక్క పేరాలో. మిగతావి అక్కర్లేదనుకున్నారు. ఇంకొక వాక్యం ఉంది, నా గురించి. పత్రికలో అచ్చయిన మాట, ఆ మాట నిజమనడానికి సాక్ష్యం కాదు. నాలుగేళ్ల బరువు ఆ ఒక్క వాక్యంతో దిగిపోయింది.

అప్పీలు మాటేమిటని అడుగుతారు. అప్పీలుకు వెళ్లకూడదని నిన్న సొసైటీ బోర్డు తీర్మానం చేసింది. సొసైటీ తరఫున శివప్రకాశం గారు కేసులో ఎదుటి పక్షం, ఇవాళ ఈ సభకు అధ్యక్షులు. ఆ తీర్మానం నాకు చూపించారు, చదివాను. పొన్నుస్వామి గారు తన వంతుగా రాసిచ్చారు. ప్రభుత్వం వెళ్లదని సర్కారు వకీలు నోటిమాటగా చెప్పారు. కాగితం ఇంకా రాలేదు. రానిదాన్ని వచ్చిందని చెప్పను.

రేపు సోమవారం. పది గంటలకు సొసైటీలో నూలు ఇస్తారు. సభ్యురాలిగా కాంచన పేరు చేర్చారు. రేపు ఆమె వరుసలో నిలబడుతుంది. దయచేసి ఎవరూ జాలిపడి ముందుకు పంపకండి, ఎవరూ పక్కకు తప్పుకోకండి. ఆమె వంతు ఎప్పుడొస్తే అప్పుడే తీసుకుంటుంది.

పెద్దలారా, అక్కలారా, ఇంక నాకు చెప్పేది లేదు. అందరం లేచి నిలబడదాం. చెంగమ్మను తలుచుకుని రెండు నిమిషాలు మౌనంగా ఉందాం.